మూడు తూటాలు, అయిదు రోజులు

గేలెన్ బ్రెకీ పింఛను దరఖాస్తు మొదటిసారి బెడిసికొట్టడానికి కారణం నేనే. డాక్టరు కాదు, మాజీ సైనికుల శాఖవాళ్ళూ కాదు. వైద్య పరీక్షకు వెళ్ళే ముందు వారం అతన్ని నా ఎదుట కూర్చోబెట్టి, "మూడు రోజులు బాగా పడుకో. నున్నగా గడ్డం గీసుకో. పావుగంట ముందే వెళ్ళు. మన పరువు తీయకు" అని చెప్పి పంపింది నేనే.

సైన్యంలో పనిచేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలాంటి సలహా ఇవ్వరు. జబ్బు ఉందని చూపించుకోవలసిన మనిషిని తనిఖీకి తయారుచేసినట్టు తయారుచేశాను. పైఅధికారి ముందు నిలబడటమంటే మాకు తెలిసింది ఒకటే. బూట్లు మెరవాలి, వీపు నిటారుగా ఉండాలి, ఎలా ఉన్నావని అడిగితే బాగున్నాననాలి. కౌంటీ కోర్టు భవనం నేలమాళిగలో, బాయిలరు గది పక్కన, ఇరవై రెండేళ్ళుగా మాజీ సైనికుల పింఛను కాగితాలు నింపడమే నా ఉద్యోగం. అయినా ఆ రోజు మాట్లాడింది ఉద్యోగి కాదు, పాత సార్జెంటు.

గేలెనూ నేనూ 1991లో ఒకే ట్రక్కుల దళంలో యుద్ధం కోసం ఎడారికి వెళ్ళాం. మిన్నెసోటాలోని ఇలాంటి చిన్న ఊళ్ళ నుంచి పోగేసిన దళం అది. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు. పద్దెనిమిది గంటలు బండి నడిపి దిగి, మేమందరం ఇసుకలో చతికిలబడితే, వీడు బంతి పట్టుకుని ఆటకెవరొస్తారని తిరిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. "ఒరేయ్, నీలో ఎవడో రెండో ఇంజను పెట్టాడురా, తీయించుకో" అని తిట్టేదాన్ని.

తిరిగొచ్చిన మూడో ఏడు ఆ రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. జ్వరం లాంటిదేదో వచ్చిపోయింది, దాంతోపాటు సత్తువా పోయింది. పది గంటలు పడుకుని లేచినా పడుకోనట్టే ఉండేది. మెట్లెక్కితే కాళ్ళు వణికేవి, చదివిన వాక్యమే మళ్ళీ చదివేవాడు. రక్తం బాగుంది, గుండె బాగుంది, అన్నీ బాగున్నాయన్నారు డాక్టర్లు. చాలా ఏళ్ళకి ఒకాయన దానికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే తీరని అలసట జబ్బు, అని పేరు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళు అంతకుముందే బద్ధకం అని పెట్టేశారు. స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్కుగా మొదట పూర్తి రోజు, తర్వాత సగం రోజు పనిచేసి, నాలుగేళ్ళ కిందట అదీ మానుకున్నాడు.

పరీక్ష చేసిన డాక్టరమ్మ తను చూసిందే రాసింది. 'చక్కగా తయారై, సమయానికి ముందే వచ్చారు. చురుగ్గా నడిచారు. నవ్వుతూ మాట్లాడారు. ఊరి మాజీ సైనికుల సంఘం తరఫున అంత్యక్రియల్లో గౌరవ వందనం చేస్తారు.' ఆ ఆఖరి ముక్క గేలెనే గర్వంగా చెప్పుకుని ఉంటాడు. ఇంటికొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదని మాత్రం ఎవరూ రాయలేదు. శాఖవాళ్ళు అశక్తత ఇరవై శాతమే అని లెక్కకట్టి, దానికి తగ్గ కొద్దిపాటి పింఛను ఇచ్చారు.

ఈ జబ్బు విషయంలో వాళ్ళు కొలిచేది ఒకటే. రోగం రాకముందు నువ్వు చేసుకునే రోజువారీ పనుల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయి? సగం కూడా మిగల్లేదని తేలితే అరవై శాతం. మనిషిలో ఎంత మిగిలిందో మనిషే చెప్పుకోవాలి, అదీ కళ్ళు దించకుండా. నా బల్ల ముందు కూర్చునే మగవాళ్ళలో ఆ పని చేయగలిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

గేలెన్‌కి అరవై రావడం ఎందుకంత అవసరమో చెప్పాలంటే అతని భార్య మోకాలి గురించి చెప్పాలి. మార్లిస్ టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి కోస్తుంది. కుడి మోకాలి చిప్ప అరిగిపోయింది, మార్చాలన్నారు. మారిస్తే మూడు నెలలు పని లేదు, జీతం లేదు. అందుకని రెండేళ్ళుగా కట్టు కట్టుకుని కుంటుతోంది. గేలెన్‌కి అరవై వస్తే ఆమె మోకాలు బాగవుతుంది, రాకపోతే లేదు. అంతే సంగతి.

అప్పీలు వేశాను. ఏడాదిన్నరకి విచారణ తేదీ వచ్చింది. ఏప్రిల్లో ఒక గురువారం, పొద్దున పదింటికి. మా ఆఫీసులోనే కూర్చుంటే తెర మీద జడ్జి కనిపిస్తుంది. ఈసారి తెలివి తెచ్చుకుని గేలెన్‌కి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

"ముందు పడుకుని సత్తువ కూడబెట్టుకోవడాలు వద్దు. ఎలా ఉన్నావో అలాగే రా."

"పైజామాలో రమ్మంటావా సార్జంటమ్మా?"

"పైజామాలో ఉంటే పైజామాలోనే రా."

"అలాగే. నువ్వు ముందు నీ పైజామాలో ఆఫీసుకి రా, వెనకాలే నేనొస్తా" అని నవ్వాడు. వీడు వినడని నాకు అప్పుడే అర్థమైంది. సోమవారం నుంచి కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు, గురువారం తళతళలాడుతూ వస్తాడు, మళ్ళీ ఇరవై దగ్గరే ఆగిపోతాం.

విచారణకి ముందటి శుక్రవారం ఆర్విడ్ టోఫ్ట్ పోయాడు. తొంభై మూడేళ్ళు, కొరియా యుద్ధం చూసినవాడు. శవపేటిక మీది జెండాని ముడత లేకుండా త్రికోణంగా మడవడం మా అందరికీ నేర్పింది ఆయనే. వణికే చేతులతో మడిచి చూపించి, మాది బాగా రాకపోతే, "దుప్పటి మడుస్తున్నావా కుర్రాడా?" అనేవాడు. నన్ను కూడా కుర్రాడా అనే పిలిచేవాడు. గేలెన్ ఇంటికి వెళ్ళి ఎలా ఉందని అడగకుండా గంటసేపు కూర్చుని వచ్చే మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే.

మా సంఘంలో తుపాకీ పట్టేవాళ్ళం ఎనిమిది మందిమి. తుపాకీ వందనానికి ఏడుగురు కావాలి. ఒకడు చలికి తట్టుకోలేక అరిజోనా పోయి అక్కడే ఉండిపోయాడు. పిలిచే బాధ్యత నాది, ఎప్పుడూ నాదే. గేలెన్‌కి ఫోను చేశాను.

"మంగళవారం పదకొండింటికి, లూథరన్ శ్మశానంలో. వీలవుతుందా?"

"గురువారం విచారణ" అన్నాడు.

"బుధవారమంతా పడుకో. వద్దన్నా పడుకుంటావుగా."

"సరే. నా తుపాకీకి నూనె పెట్టి ఉంచు" అన్నాడు.

మంగళవారం చినుకూ మంచూ కలిసి పడుతున్నాయి. శ్మశానం గట్టు మీద గాలి ఎదురుకొడుతోంది. పాస్టరు మాట్లాడినంతసేపూ, అంటే నలభై నిమిషాలు, నాలుగు కిలోల పైన బరువున్న తుపాకీతో వరసలో కదలకుండా నిలబడ్డాం. తర్వాత తలా మూడు తూటాలు పేల్చాం. మాకు బూర ఊదేవాడు లేడు, బూరలోపల పెట్టిన చిన్న యంత్రంలోంచి రికార్డు చేసిన సంతాప రాగమే మోగుతుంది. జెండా మడిచి ఆర్విడ్ కూతురి చేతిలో పెట్టింది గేలెన్. అంచులు కత్తిలా కుదిరాయి. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత చర్చి కింది హాల్లో పంది మాంసం శాండ్‌విచ్‌లు, బంగాళాదుంపల వేపుడు పళ్ళాలు, కాఫీ. గేలెన్ ఆగలేదు. ఎప్పుడూ ఆగడు. తుపాకీ నా చేతికిచ్చి, చెయ్యి ఊపి, కారెక్కి వెళ్ళిపోతాడు. బిడియం అనుకునేదాన్ని. "మా గేలెన్‌కి చావు కూడు సయించదు" అని అందరి ముందూ వేళాకోళం చేసేదాన్ని కూడా.

బుధవారం మధ్యాహ్నం మార్లిస్ ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే మా ఆఫీసు మెట్లు దిగి వచ్చింది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి దిగడం వినిపించింది. లోపలికొచ్చి, విత్తనాల కొట్టువాళ్ళిచ్చిన పోయిన ఏటి గోడ క్యాలెండరు నా బల్ల మీద పడేసింది.

"చూడు. బాగా చూడు. ఆ ఇంటూ గుర్తులేమిటో తెలుసా నీకు?"

"ఏమిటవి?"

"మా ఆయన మంచం దిగని రోజులు. స్నానానిక్కూడా. సూపు నోట్లో పోయాల్సిన రోజులు. ఇప్పుడు నీ చావుల పుస్తకం తియ్యి."

మా సంఘానికో పుస్తకం ఉంది. ఎవరు పోయారు, ఏ రోజు, ఎవరెవరు తుపాకీ పట్టారు, అన్నీ నా చేతిరాతే. అది తెచ్చి పక్కన పెట్టాను. పోయిన ఏడాది పదిహేడు అంత్యక్రియలు. ప్రతి తేదీ తర్వాతా, మర్నాటి నుంచి, క్యాలెండరులో వరసగా అయిదు గుర్తులు. ఒక్కోచోట ఆరు. జూన్లో రెండు చావులు దగ్గర దగ్గరగా వచ్చాయి. నెల సగం గుర్తులే.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఒట్టేయించుకున్నాడు. నువ్వు ఫోను చేస్తే గ్యారేజీలో ఉన్నాడని చెప్పమనేవాడు. మా గ్యారేజీలో ఏముంది డార్లా? పాత ఫ్రిజ్జు, మంచు ఎత్తే పార. ఏళ్ళ తరబడి మనిషి అక్కడ ఏం చేస్తున్నాడనుకున్నావు?"

ఏ కాస్త పనిచేసినా ఈ జబ్బువాళ్ళు రోజుల తరబడి కూలిపోతారని దరఖాస్తులో నేనే రాశాను, నా చేత్తోనే. కానీ నా దృష్టిలో పని అంటే బస్సు బాగుచేయడం, మంచు ఎత్తడం. శ్మశానంలో నిలబడటం పని అని ఒక్కసారీ తట్టలేదు. అది మేమంతా జీతం లేకుండా చేసే గౌరవం కదా. ఆ గౌరవం కోసం పదిహేడుసార్లు ఫోను చేసి అతన్ని మంచాన పడేసింది నేను.

"ఇవి రెండూ జడ్జి ముందు పెడతాను" అన్నాను.

"ఒప్పుకోడు" అంది మార్లిస్. "అడుగు. అడిగి చూడు."

ఆమె వెనకాలే కారు నడుపుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. పడకగదిలో దుప్పట్లు మేకులేసి కిటికీలకి కొట్టారు. గేలెన్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. వెలుగు పడకుండా కళ్ళ మీద చెయ్యి వేసుకుని మెల్లగా అన్నాడు.

"ఆ కాగితాలు పెడితే ఇంక నన్ను పిలవవు."

అబద్ధమాడొచ్చు. నాకది చేతకాదు. "పిలవను. ఎలా పిలుస్తాను?"

"అయితే వద్దు."

"మార్లిస్ మోకాలు?"

"బస్సుల షెడ్డువాళ్ళు పిలవడం మానేశారు. ఆటలకి పిలవడం ఎప్పుడో మానేశారు. నన్ను రమ్మని ఫోను చేసేది నువ్వొక్కదానివే. అది కూడా తీసేస్తావా, సార్జంటమ్మా?"

పుస్తకమూ క్యాలెండరూ చంకలో పెట్టుకుని వచ్చేశాను.

గురువారం పది దాటిన ఒక నిమిషానికి జడ్జి తెర మీదికొచ్చింది. గేలెన్ రాలేదు. ముప్ఫై ఏళ్ళలో అతను ఆలస్యమవడం నేను చూడలేదు. పది నిమిషాలు గడిచాక మార్లిస్ భుజం ఆసరాతో మెట్లు దిగాడు. ఇస్త్రీ చొక్కాయే, గుండీలు ఒకదాని కన్నంలో ఇంకొకటి పెట్టుకున్నాడు. ఎడమ చెంప నున్నగా ఉంది, కుడి చెంప మీద మూడు రోజుల గడ్డం. సగం గీసేసరికి చెయ్యి లేవలేదని తర్వాత మార్లిస్ చెప్పింది.

నా గదిలో కుర్చీలు రెండే. ఒకటి నాది, ఒకటి అతనికి. మార్లిస్ ఫైళ్ళ బీరువాకి ఆనుకుని ఎడమ కాలి మీద నిలబడింది. క్యాలెండరూ పుస్తకమూ బల్ల మీద మూసే ఉన్నాయి. అతను వద్దన్నాడు కాబట్టి నేను ముట్టుకోలేదు.

"బ్రెకీ గారూ, ఈ రోజు ఎలా ఉన్నారు?" అని అడిగింది జడ్జి.

"బాగు..." అన్నాడు గేలెన్. అలవాటుగా వీపు నిటారు చేయబోయాడు. అది సగంలోనే ఆగిపోయింది. తల తిప్పి మార్లిస్‌ని చూశాడు. ఆమె కుడి కాలు నేలకి తగలకుండా పట్టుకుని ఉంది. ఎన్నాళ్ళుగా అలా నిలబడుతోందో అప్పుడే చూసినట్టు చూశాడు.

"బాగాలేనమ్మా" అన్నాడు. "అసలు బాగాలేను. డార్లా, ఆ రెండూ ఆవిడకి చూపించు."

క్యాలెండరు తెరకి దగ్గరగా పట్టుకున్నాను. పుస్తకంలోంచి ఒక్కో తేదీ చదివాను. నేను కూడా ప్రమాణం చేశాను కాబట్టి మిగతాదీ చెప్పేశాను. ఎడారిలో బంతి పట్టుకుని తిరిగిన కుర్రాడి సంగతి, పరీక్షకి పడుకుని వెళ్ళమన్న నా సలహా, నా ఫోన్లు. "ఆ డాక్టరమ్మ చూసింది మూడు రోజులు దాచుకున్న ఒక గంటని. దాని వెనక ఎన్ని రోజులున్నాయో ఆవిడకి తెలియకుండా చేసింది నేనే. అలాగే రాసుకోండి" అన్నాను.

జడ్జి చాలాసేపు ఏదో రాసుకుంది. తర్వాత కళ్ళద్దాలు తీసి, "బ్రెకీ గారూ, మొన్న మంగళవారం కూడా వెళ్ళారు. ఇవాళ విచారణ ఉందని తెలిసీ. ఎందుకు?" అంది.

గేలెన్ బల్ల మీద మోచేతులు ఆనించి, మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి చెప్పాడు. "ఆర్విడ్ మా ఇంటికొచ్చి నా పక్కన ఊరికే కూర్చునేవాడమ్మా. నా దగ్గర ఉన్న సత్తువ కాస్తే. అదెవరికి ఇవ్వాలో చూసుకోవడం ఒక్కటే నాకింకా మిగిలింది."

జడ్జి ఇంకేమీ అడగలేదు. గేలెన్ లేవలేకపోయాడు. బాయిలరు గదిలో కోటు పరిచి ఓ గంట పడుకోబెట్టాం. నా కుర్చీ మార్లిస్‌కిచ్చాను. ఆ మాత్రం బుద్ధి ముందే ఉండాల్సింది.

సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. అరవై శాతం, దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ బకాయిలతో సహా. మార్లిస్ ఫ్యాక్టరీ ఫోనులోంచే ఆసుపత్రికి ఫోను చేసి తేదీ తీసుకుంది.

ఆ మధ్యలో మా ఊళ్ళో ఇద్దరు మాజీ సైనికులు పోయారు. నేను గేలెన్‌ని పిలవలేదు. ఆ రోజే చెప్పాను కదా పిలవనని. ఆరుగురమే పేల్చాం. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. రెండోదాని మర్నాడు అతనే ఫోను చేశాడు.

"పుస్తకంలోంచి నా పేరు కొట్టేశావా?"

"లేదురా."

"మరి? పేపర్లో చూసి తెలుసుకోవాలా నేను? నన్ను పిలువు. వస్తానో రానో చెప్పేది నేను. అది నువ్వు చెప్పేస్తే నాకేం మిగులుతుందే?"

కోపంగా ఉన్నాడు. అతను నా మీద కోప్పడటం అదే మొదటిసారి, నాకు నచ్చింది. ఆ సాయంత్రం పుస్తకం తీసి, స్కేలు పెట్టి, ప్రతి పేజీలో పేరు పక్కన కొత్తగా ఒక గడి గీశాను. పైన 'తర్వాత' అని రాశాను. ఎవరికి ఎన్ని రోజులు పడుతుందో ఇకమీదట అదీ రాస్తాం. ముందు నా గడిలో రాసుకున్నాను, ఒక పూట నడుంనొప్పి అని. ఇన్నేళ్ళలో అది కూడా ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరులో ఇంకొకాయన పోయాడు. గేలెన్‌కి ఫోను చేశాను.

"గురువారం పదకొండింటికి. నీకైతే శుక్రవారం నుంచి మంగళవారం దాకా పోతుంది. వస్తావా?"

వెనకాల గిన్నెల చప్పుడు, మార్లిస్ ఎవరితోనో నవ్వడం వినిపించాయి.

"ఈసారి రాను" అన్నాడు. "శుక్రవారం మార్లిస్‌కి మోకాలు మారుస్తున్నారు. ఆ అయిదు రోజులూ ఆవిడవి."

ఇరవై రెండేళ్ళుగా పిలుస్తున్నాను, గేలెన్ రానని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. గురువారం ఆరుగురమే గట్టు మీద నిలబడి పేల్చాం. చర్చి హాల్లో కాఫీ తాగి, ఆఫీసుకొచ్చి పుస్తకం తెరిచాను. రానివాళ్ళ గడి ఖాళీగా వదిలేయడం మా పద్ధతి. గేలెన్ బ్రెకీ పేరు ఎదురుగా 'డ్యూటీలో ఉన్నాడు, ఇంట్లో' అని రాశాను.